చీనాపట్టుపై మంగళపక్షులు

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభయందు విద్యాసంబంధమైన విషయము నొకదానిని గూర్చి ముచ్చటింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. బాలురకు శబ్దములును, కావ్యములును చెప్పి కాలము గడపి విశ్రాంతి గైకొన్న మేము, తరతరములుగా మగ్గమును నమ్ముకొన్న మీయెదుట వస్త్రమును గూర్చి పలుకుట హనుమంతుని ముందర కుప్పిగంతులు వేయుటయే యగును. అయినను మేమును గుంటమగ్గముగల యింట పుట్టినవారమే. పడుగు పేకల చప్పుడు వినుచు అక్షరములు దిద్దినవారమే. కావున మన వృత్తికి దగ్గఱదియు, దేశమునకు దూరపుదియు నగు విషయము నొకదానిని ఎన్నుకొంటిమి. చీనాదేశపు పట్టువస్త్రములమీద నేయబడిన, కుట్టబడిన మంగళకరములగు పక్షులే నేటి మా ప్రసంగవిషయము.

దూరపుకొండలు నునుపు గదా, మన చీరల యంచుల సంగతి విడిచి చీనావారి పిట్టల సంగతి యేల యని కొందఱడుగవచ్చును. ఆ దేశమును మన భాష ఎన్నడును దూరముగా నుంచలేదు. పెండ్లిలో మిక్కిలి విలువగల బట్టలను ‘చీనిచీనాంబరములు’ అని నేటికిని మన యిండ్లలో అందురు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు చీనభూమిలో పుట్టిన చీనపట్టములు కౌశేయముతోపాటు పేర్కొనబడినవి. కాళిదాసమహాకవి శాకుంతలమున, ప్రథమాంకము చివర, ఎదురుగాలిలో వెనుకకు కొట్టుకొను ధ్వజపు చీనాంశుకముతో దుష్యంతుని మనస్సును పోల్చెను. కుమారసంభవమున పంచమసర్గయందు బ్రహ్మచారివేషమున వచ్చిన శివుడు, కలహంసల చిహ్నములుగల పెండ్లికూతురి దుకూలమునకును, నెత్తురోడు గజచర్మమునకును పొత్తెట్లు కుదురునని పార్వతిని పరిహసించును. పెండ్లిబట్టపై పక్షిని నిలుపుట మన పూర్వులకును శుభాచారమేయని దీనివలన తేటపడుచున్నది. చీనావారు అదే పనిని తమ త్రోవలో చేసిరి. ఆ త్రోవ యెట్టిదో చూతము.

మొదట ప్రాచీనతను గూర్చి రెండు మాటలు. పట్టు మన్నినంతకాలమే మన్నును. శిలాశాసనమువలె నిలువదు. అయినను హూబే రాష్ట్రమున జ్యాంగ్‌లింగ్ ప్రాంతమున మాషాన్ అనుచోట 1982లో త్రవ్వబడిన యొక సమాధిలో, క్రీస్తునకు పూర్వము నాలుగు మూడు శతాబ్దులనాటి చూ రాజ్యపు పట్టువస్త్రములు బయల్పడినవి. వానిమీద గొలుసుకుట్టుతో నాగములును, పులులును, వానితో కలిసి ఆడుచున్నట్టి ఫెంగ్‌హువాంగ్ పక్షులును కలవు. హూనాన్ రాష్ట్రపు చాంగ్‌షా నగరముకడ మావాంగ్‌దుయి అనుచోట 1972లో త్రవ్విన యొక ప్రభుపత్ని సమాధియందు శవపేటికపై కప్పిన చిత్రపటము దొరకినది. అది క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దినాటిది. అందు ఒకవైపున సూర్యబింబములో నల్లని కాకియు, ఒకవైపున చంద్రరేఖపై కప్పయు కుందేలును చిత్రింపబడినవి. చంద్రుని శశాంకుడని పిలుచు మనకు ఆ కుందేలు క్రొత్తది కాదు. ఆ సమాధిలోనే దొరకిన సన్నని పట్టు అంగీ యొకటి 49 గ్రాములు మాత్రమే తూగినది. నేతగాండ్రైన మీకు ఆ తూకమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

తాంగ్ వంశపు రాజులకాలమున, అనగా ఏడవ శతాబ్దినుండి పదవ శతాబ్ది ఆరంభమువఱకు, పడమటి దేశములనుండి ఒంటెలబారులు వచ్చుచుండెను. పారసీకదేశపు పద్ధతి ననుసరించి ముత్యములపేరువలె చుట్టును చుక్కలు తీర్చిన వలయము, దాని నడుమ ఎదురెదురుగ నిలిచిన పక్షుల జంట, ఇట్టి నమూనాలు పట్టుపై వెలసినవి. తుర్ఫాన్ దగ్గఱ ఆస్తానా శ్మశానవాటికలో ఇట్టి గుడ్డలు దొరకినవి. తాంగ్ రాజ్యారంభమున డో షిలున్ అను అధికారి జంటపక్షులతోను, పొట్టేళ్ళతోను క్రొత్త నమూనాలు కల్పించెనని చీనావారి చరిత్రకారులు వ్రాసియుంచిరి. నమూనా కల్పించినవాని పేరు గ్రంథమునకెక్కినది. నేసినవాని పేరు ఎక్కలేదు. ఈ మాటను మనసులో నుంచుకొనుడు. దీనికి మరల రావలసియున్నది.

ఇక పక్షి శుభకరమెట్లగును? చీనావారి వస్త్రములను పరిశీలించినచో మూడు త్రోవలు కానవచ్చును. మొదటిది పక్షి స్వభావము, రెండవది పురాణగాథ, మూడవది శబ్దసామ్యము. మొదటి రెండును మన కవిసమయములవంటివే. మూడవది మాత్రము వారి భాషకే చెల్లినది. చీనాభాషలో మాటలు చిన్నవి, ఒకే ధ్వనికి అర్థములు పెక్కులు. కావున ఒక వస్తువు బొమ్మ వ్రాసి, అదే ధ్వనిగల మఱియొక మాటను చదివించుట వారికి సులభము. మన ఆలంకారికులు శ్లేషయని చెప్పినదానిని వారు దారముతో కుట్టిరి.

కొన్ని ఉదాహరణములు వినుడు. కొంగను చీనావారు ‘లూ’ అందురు. మార్గమునకును ‘లూ’ అనియే పేరు. తామరకు ‘ల్యెన్’ అని పేరు. వరుసగా, ఎడతెగక అను నర్థమునందును ఆ ధ్వనియే. కావున తామరపూవుల నడుమ నొక కొంగను కుట్టినచో, ‘ఒకే త్రోవలో వరుసగా పరీక్షలన్నియు గెలుతువుగాక’ అను ఆశీర్వచనమైనది. చదువుకొను బాలునికిది తగిన కానుక. కోడిపుంజు పేరగు ‘జీ’ శుభమను మాటకు సన్నిహితము. దాని తలపై జుట్టునకు ‘గ్వాన్’ అని పేరు. అధికారికిని అదే ధ్వని. కావున కోడిపుంజు బొమ్మ ఉద్యోగప్రాప్తిని కోరును. పూరేడుపిట్ట పేరులోని ‘ఆన్’ అను ధ్వని శాంతిసౌఖ్యములను తెలుపును. నలుపు తెలుపు వన్నెలు గలిగి కాకిజాతికి చెందిన యొక పిట్టను వారు ఆనందపక్షి యనియే పిలుతురు. అది వాకిట కూసినచో చుట్టము గాని శుభవార్త గాని వచ్చునని నమ్మిక. మన యిండ్లలో కాకి కూసిన చుట్టము వచ్చునందుము గదా! ఆ పక్షి ‘మే’ యను పూలకొమ్మ చివర వ్రాలినట్లు కుట్టినచో, కనుబొమకును ‘మే’ అనియే పేరగుటచే, ‘ఆనందము కనుబొమలదాక ఎగయుగాక’ అని యర్థము. తల నెరసినట్లుండు పిగిలిపిట్టకు ‘తెల్లతల ముసలయ్య’ అని వారి పేరు. దాని జంటను కుట్టుట దంపతులు తలలు నెరయువఱకు కలిసి జీవింపవలెనని దీవించుటయే.

చదువురాని యిల్లాలు సైతము ఈ శ్లేషలన్నిటిని చదువగలిగెను. అక్షరమెఱుగనివారికి వస్త్రమే పుస్తకమైనది. గ్వేజౌ పర్వతప్రాంతములలో మ్యావో యను జాతివారు కలరు. పూర్వము వారికి స్వంత లిపి వాడుకలో లేదు. సీతాకోకచిలుక తల్లియై పండ్రెండు గ్రుడ్లు పెట్టెననియు, ఒక దివ్యపక్షి వానిని పొదిగెననియు, వానినుండి మానవులు మొదలగు జీవులు పుట్టిరనియు వారి సృష్టిపురాణము. ఆ పురాణమును వారి స్త్రీలు రవికలచేతులపై కుట్టుచు కూతుండ్రకు చెప్పుచు వచ్చిరి. నూఱుపక్షుల అంగీ యనుపేర, చెరగుల చివర నిజమైన పక్షియీకలు వ్రేలాడదీసిన పండుగబట్టలును వారిలో కలవు.

పక్షులలో మొదటి పూజ ఫెంగ్‌హువాంగ్ అను దివ్యపక్షిది. పాశ్చాత్యులు తమ కథలలోని నిప్పులో కాలి బూడిదనుండి మరల పుట్టు పక్షితో దీనిని పోల్చుట కలదు గాని రెంటికిని సంబంధము లేదు. ఇది ఐదు వన్నెల పక్షి. ధర్మము, నీతి మొదలగు గుణములకు ఆలవాలము. దేశమున మంచి పాలన యున్నపుడే కనబడునని నమ్మిక. పూర్వము ఫెంగ్ మగదియు, హువాంగ్ ఆడుదియునై జంటగా నుండెను. పిదప నాగము చక్రవర్తికి గుఱుతు కాగా, ఈ పక్షి మహారాణికి గుఱుతైనది. అయినను ఇందొక విశేషము కలదు. సామాన్యుని కూతురికి సైతము పెండ్లినాడు ఫెంగ్‌హువాంగ్ కిరీటమును, రాజోచితమగు పైవస్త్రమును ధరింపవచ్చునను ఆచారముండెను. ఆ యొక్కనాటికి ఆమె రాణియే. మన యిండ్లలో వధూవరులను లక్ష్మీనారాయణులుగా భావించుట యిట్టిదే.

పెండ్లియిండ్ల రెండవ పక్షి ‘యువాన్‌యాంగ్’ అను జంటబాతు. మగపక్షి నారింజ, నీలము, ఆకుపచ్చ వన్నెలతో మెఱయును, ఆడుపక్షి బూడిదవన్నెది. ఇవి ఎడబాయవని కవులు వర్ణించిరి. కావున పెండ్లికూతురు తలగడల చివరలను, దుప్పట్లను తామరకొలనులో ఈదు జంటబాతులతో కుట్టి అత్తవారింటికి తీసికొనిపోవుచుండెను. సంస్కృతము చదివినవారికి చక్రవాకమిథునము తలపునకు వచ్చును. జాతులు వేఱు, భావములును కొంత వేఱు. మన చక్రవాకములు రాత్రి యెడబాసి శోకించును, వారి బాతులు ఎన్నడు నెడబాయవు. మన కవి విరహమును చూచెను, వారి కుట్టుగత్తె కలయికను కోరినది. నేటి పక్షిశాస్త్రజ్ఞులు ఈ బాతులు ప్రతి సంవత్సరము జంటలు మార్చుకొనుటయు కలదందురు. అంతమాత్రమున తలగడపై దీవెన అబద్ధము కాదు. దీవెన పిట్టను గూర్చినది కాదు, పిల్లను గూర్చినది.

ఇక రాజసభకు పోవుదము. 1391వ సంవత్సరమున మింగ్ వంశపు మొదటి చక్రవర్తి యొక శాసనము చేసెను. దాని ప్రకారము విద్యాపరీక్షలలో గెలిచి వచ్చిన పాలనాధికారులు పక్షిబొమ్మను, సేనాధికారులు మృగముబొమ్మను ఱొమ్మునను వీపునను ధరింపవలెను. పక్షి ఆకాశమున కెగయును, చదువునకు తగినది. మృగము పరాక్రమమునకు తగినది. తరువాత వచ్చిన చింగ్ వంశమువారు 1652లో ఈ పద్ధతిని తామును స్థిరపఱచిరి. తొమ్మిది తరగతులకు తొమ్మిది పక్షులు. మొదటి తరగతికి ఎఱ్ఱతలగల బెగ్గురుపక్షి, రెండవదానికి బంగారువన్నె వనకుక్కుటము, మూడవదానికి నెమలి, నాలుగవదానికి అడవిబాతు, ఐదవదానికి వెండివన్నె వనకుక్కుటము, ఆఱవదానికి కొంగ, ఏడవదానికి జంటబాతు, ఎనిమిదవదానికి పూరేడు, తొమ్మిదవదానికి పొడుగుతోక పిగిలిపిట్ట. ఎదుటివాని ఱొమ్ము చూచినంతనే వాని పదవి తెలిసిపోవును. ఎవరు ఎవరికి ముందు వంగవలెనో పిట్టయే చెప్పును.

ఆ ఫలకము నలుపలకలుగా, ఇంచుమించు జానెడున్నర యుండును. క్రింద సముద్రతరంగములు, నడుమ కొండశిఖరము, దానిపై ఒంటికాలిమీద నిలిచి ఱెక్కలు విప్పిన పక్షి, మూలనొక ఎఱ్ఱని సూర్యబింబము. పక్షి సూర్యునివంక, అనగా చక్రవర్తివంక చూచును. చింగ్ కాలపు పైయంగీ ముందు నడుమ తెఱచుకొనునది గనుక ముందుఫలకము రెండు ముక్కలుగను, వెనుకది ఒకటిగను ఉండెను. భార్యయు భర్త పదవినిబట్టి అదే పక్షిని ధరించెడిది. అయితే ఆమె పక్షి ముఖము రెండవవైపునకు త్రిప్పి కుట్టబడెడిది. ఆలుమగలు ప్రక్కప్రక్కన కూర్చున్నపుడు రెండు పక్షులును ఒకదాని నొకటి చూచుకొనవలెనని ఉద్దేశము. రాజశాసనములోనికి సంసారధర్మము చొరబడిన విధమిది!

కాలము గడచినకొలది ఈ పద్ధతిలో తాలు చేరినది. చింగ్ వంశపు చివరికాలమున పదవులు డబ్బునకును అమ్ముడుపోయినవి. అప్పటి ఫలకములు కొన్నిటిలో చుట్టుపక్కల మేఘములును తరంగములును ముందుగా కుట్టి, పక్షిని మాత్రము వేఱుగ కుట్టి అతికించిరి. పదవి మాఱినపుడు పిట్టను మార్చిన చాలును! కొంగను పీకి అడవిబాతును పెట్టుకొనుట! దీనినిమించిన వ్యంగ్యము మేమే ప్రహసనమునందును చదువలేదు. పదమూడువందల యేండ్లుగా సాగిన విద్యాపరీక్షలు 1905లో రద్దయినవి. 1912 ఫిబ్రవరిలో చివరి చక్రవర్తి సింహాసనము విడిచెను. ఆ నాటితో తొమ్మిది పక్షులకును కొలువు పోయినది. ఫలకములు అంగళ్ళకు వచ్చెను. విదేశీయులు వానిని కొని చేతిసంచులుగను దిండ్లుగను కుట్టించుకొనిరి.

కాని జంటబాతులకును, ఫెంగ్‌హువాంగ్‌నకును, ఆనందపక్షికిని కొలువు పోలేదు. 1966 మొదలు పదియేండ్లు సాగిన సాంస్కృతికవిప్లవ కాలమున ‘పాత ఆచారముల’ పేర ఎన్నియో పాతవస్త్రములు తగులబడినవి. అయినను అక్కడి పెండ్లిదుప్పట్లపై ఆ పక్షులు నేడును ఈదుచునే యున్నవి, ఎగురుచునే యున్నవి. అధికారమిచ్చిన గుఱుతు అధికారముతో పోయినది. గృహమిచ్చిన గుఱుతు గృహముతో నిలిచినది. మా ప్రసంగమునందలి మొదటి సారాంశమిది.

ఇప్పుడు మీ రడుగదగిన ప్రశ్న: ఈ పక్షులను ఎట్లు నేసిరి? సూదిపని యొక త్రోవ. సూజౌ, హూనాన్, గ్వాంగ్‌డోంగ్, సిచువాన్ ప్రాంతముల కుట్టుపనులు నాలుగును ప్రసిద్ధములు. గ్వాంగ్‌డోంగ్ కుట్టులో నూఱుపక్షులు ఫెంగ్‌హువాంగ్‌నకు మ్రొక్కు దృశ్యము పేరుపొందినది. మగ్గపుపనిలో ‘కెసి’ యనునది యొకటి. అందు పేక ఒక అంచునుండి రెండవ అంచువఱకు పోదు. ఏ రంగు ఎంతవఱకు కావలెనో అంతవఱకే చిన్ననాడెతో పోయి వెనుకకు మరలును. రంగునకు రంగునకు నడుమ సన్నని చీలిక యేర్పడును. వెలుతురున కెత్తి చూచిన, బొమ్మ చెక్కినట్లు కనబడును. సోంగ్ వంశకాలమున జూ కెరోవ్ అను నేతకత్తె ఈ పనిలో పూలను పక్షులను చిత్రకారుని కుంచెకు దీటుగా నేసి పేరొందినది. నేతపనివారి పేర్లు నిలిచిన కొలదిచోట్లలో ఇది యొకటి. అందును స్త్రీ పేరు నిలిచినందుకు మేము మిక్కిలి సంతసించుచున్నాము.

రెండవది నాన్‌జింగ్ నగరపు ‘యున్‌జిన్’, అనగా మేఘపట్టు. దాని మగ్గము చాల పెద్దది. పైన నొకడు కూర్చుండి బొమ్మననుసరించి పడుగుదారముల త్రాళ్ళను లాగును. క్రింద నొకడు కూర్చుండి రంగురంగుల పేకలను, బంగారుతీగను బుటాకు బుటాగా చొప్పించును. ఇరువురు కలిసి దినమంతయు పనిచేసినను ఐదాఱు సెంటీమీటర్లకు మించి సాగదందురు. బుటాకు కావలసినచోటనే వేఱుపేకను చేతితో త్రిప్పు ఈ విధానము మన ఉప్పాడ, వేంకటగిరి జాందానీ పనికి చుట్టమే. ఆ పని చేయువారు మీలో నున్నయెడల నాన్‌జింగ్ నేతగాని వ్రేళ్ళ నొప్పిని మీరు ఇక్కడనుండియే ఎఱుగుదురు.

యున్‌జిన్‌లో నెమలి బొమ్మగానే గాక దారముగాను వచ్చును. నెమలియీక నూగును పట్టుతో కలిపి పేని పేకగా వాడుదురు. దాని వన్నె ఏ ప్రక్కనుండి చూచిన ఆ ప్రక్కకు మాఱును. బీజింగు దగ్గఱ వాన్‌లీ చక్రవర్తి సమాధిని 1956 మొదలు త్రవ్వినపుడు నెమలియీకదారముతో నేసిన నాగవస్త్రము దొరకినది. వందలయేండ్లు చీకటిలో నున్న పట్టు గాలి సోకగానే వన్నె తఱగి గట్టిపడి చెడినది. దానివంటిది మరల నేయుటకు నాన్‌జింగ్ పరిశోధనాలయమువారు అనేకసంవత్సరములు శ్రమింపవలసివచ్చెను. దారము పేనుటెట్లు, త్రాళ్ళు కట్టుటెట్లు అని చినిగిన గుడ్డనుండి ఒక్కొక్క పోగు లెక్కించి నేర్చుకొనిరి. తండ్రి కొడుకునకు నోటిమాటగా చెప్పదగినది తెగిపోయినచో, దానిని తిరిగి తెచ్చుటకు ఎంత ప్రయాస పడవలెనో చూడుడు. 2009లో యునెస్కో సంస్థవారు యున్‌జిన్ నేతను, చీనావారి పట్టుపనిని మానవజాతి వారసత్వముగా గుర్తించిరి. గుర్తింపు మంచిదే. కాని గుర్తింపు మగ్గము నేయదు. చేయియే నేయవలెను.

ఈ పక్షులు మన దేశమునకును ఎగిరివచ్చినవి. పందొమ్మిదవ శతాబ్దిలో బొంబాయి పారశీక వర్తకులు కాంటన్ రేవుతో వ్యాపారము చేయుచు, అక్కడి కుట్టుపనివారిచేత తమ స్త్రీలకు చీరలు కుట్టించి తెచ్చిరి. ‘గారా’ యని వానికి పేరు. వానిపై బెగ్గురులు, వనకుక్కుటములు, పూలతీగలు నేటికిని చూడవచ్చును. వారిలో ఒక పిట్టలజంట నమూనాకు ‘చక్లాచక్లీ’ యని ముద్దుపేరు. కాంటన్‌లో ఆ జంట అర్థమేమైనను, బొంబాయి యిల్లాండ్రు తమ పేరు తాము పెట్టుకొని దానిని తమదిగా చేసికొనిరి. అట్లే ‘తన్‌చోయీ’ యను పట్టునేతను సూరతునుండి వెళ్ళిన నేతగాండ్రు ముగ్గురు చీనాలో నేర్చివచ్చిరనియు, ఆ ముగ్గురివలననే దానికా పేరు వచ్చెననియు చెప్పుదురు. నేడది కాశీమగ్గములపై నేయబడుచున్నది. విద్య దేశము దాటును. నేర్చుకొను వినయముండిన చాలును.

సోదరులారా! ఈ కథయంతయు చెప్పుటకు కారణమొకటి కలదు. మన చీరల యంచులందును కొంగులందును హంసలు, చిలుకలు, నెమళ్ళు, గండభేరుండములు ఉన్నవి. ఒక్కొక్క బుటాకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క లెక్క, ఒక్కొక్క సందర్భము కలవు. ఏ బుటా పెండ్లికి, ఏ బుటా సీమంతమునకు, ఏ అంచు పెద్దముత్తయిదువకు అనునది మన పెద్దలకు తెలియును. కాని ఆ తెలివి కాగితమునకెక్కినది స్వల్పము. చీనావారి కొంగ యర్థము నేడు మనము చెప్పగలుగుటకు కారణమేమి? ఎవరో ఒకరు దానిని వ్రాసి పెట్టిరి. తాంగ్ కాలపు నేతగాని పేరు చెప్పలేకపోవుటకు కారణమేమి? ఎవరును దానిని వ్రాయలేదు. ఇంతకుమించిన రహస్యమేమియు లేదు.

నేడు యంత్రము బుటాను క్షణములో అచ్చు వేయును. అచ్చువేసిన హంసయు హంసవలెనే యుండును. దాని నేరమేమియు లేదు. కాని అది యెవరి పెండ్లి కొఱకు, ఏ దీవెన కొఱకు అని అడిగినచో యంత్రము చెప్పలేదు. కొనువారును అడుగుట మానినచో చేతినేతకును యంత్రమునకును భేదము వెలలో మాత్రమే మిగులును. వెల పోటీలో చేయి ఓడును. అర్థముతో కూడిన వస్త్రమును చూపగలిగిననాడు కొనువాడు రెండుమాఱులు ఆలోచించును. కనుక అర్థమును కాపాడుట పండితుల వినోదము కాదు. అది మన పొయ్యి వెలుగుటకు సంబంధించిన మాట.

ఇందులకై మా విన్నపము చిన్నది. మన సంఘమువారు గ్రామమునకొక వ్రాతపుస్తకము పెట్టవలెను. పాఠశాలలో చదువు మన బాలబాలికలు సెలవుదినములందు పెద్దల యొద్దకు పోయి, ఒక్కొక్క బుటా బొమ్మను గళ్ళకాగితముపై దించి, దాని పేరు, పోగుల లెక్క, ఏ శుభమునకు వాడుదురో ఆ సంగతి, నేసినవారి పేరు అందు వ్రాయవలెను. తాతలనే గాక అవ్వలను తప్పక అడుగవలెను. ఆసు పోసినదియు, కండె చుట్టినదియు, ఏ అంచు ఏ పేరంటమునకో ఎఱిగినదియు వారే. పోషకులగు మహనీయులు పుస్తకములకును, అచ్చునకును అగు వ్యయమును భరించినచో కొలదియేండ్లలో మన కులవృత్తికి ఒక నిఘంటువు సిద్ధమగును. పెండ్లిండ్లకు బట్టలు కొనునపుడు, ‘ఈ పక్షి యేమి చెప్పుచున్నది?’ అని ఒకమాటు నేతగాని అడుగుడని ఆడపడుచులను ప్రత్యేకముగా కోరుచున్నాము. అడిగిన ప్రశ్నయే విద్యను బ్రతికించును.

చీనావారి బెగ్గురు వేయియేండ్లు బ్రతుకునని వారి నమ్మకము. ఆ యెఱ్ఱతల బెగ్గురులు నేడు అడవులలో కొన్నివేలు మాత్రమే మిగిలియున్నవి. ఆ దేశపువారు 1979లో జాలోంగ్ అను చిత్తడినేలలో వానికొక ఆశ్రయమేర్పఱచిరి. దీర్ఘాయువునకు గుఱుతైన పక్షికే రక్షకులు కావలసివచ్చినపుడు, దానిని నేసిన చేతికి రక్షకులు కావలెనని వేఱుగ చెప్పవలెనా? ఆ రక్షణ పైనుండి రావచ్చును, రాకపోవచ్చును. మన గుంపునుండి మాత్రము తప్పక రావలెను.

మీ మగ్గములపై హంసలు జంటబాయకుండుగాక! మీ పిల్లల చదువులు తామరకొలనిలో కొంగవలె వరుసగా ముందుకు సాగుగాక!

శుభమస్తు.